వెనక అట్ట

మాది సినిమా పత్రికే గాని, మీరు అనుకునే సినిమా పత్రిక కాదు. అందులో హీరోయిన్ల బొమ్మలుండవు, మీకిష్టమైన కూర ఏది లాంటి ప్రశ్నలుండవు. ఏ ఊళ్లో ఏ సినిమా ఎన్నో వారం ఆడుతోంది, మ్యాట్నీకి జనం ఉన్నారా, నైజాం హక్కులు ఎవరు కొన్నారు, సీడెడ్‌లో, అంటే రాయలసీమ వైపు, ఎవరు చేతులెత్తేశారు, ఇవీ మా వార్తలు. చదివేది నిర్మాతలు, పంపిణీదారులు, థియేటర్ల వాళ్లు. మామూలు మనిషి చేతికిస్తే పకోడీలు కట్టుకోవడానికి తప్ప పనికిరాదు. కానీ వారం వారం మా పత్రిక అందకపోతే జూబ్లీహిల్స్‌లో కొంతమందికి పొద్దుటి కాఫీ దిగేది కాదు.

పత్రిక పుట్టింది మద్రాసులో. సినిమాలు ఒక్కొక్కటిగా హైదరాబాద్ వస్తుంటే, ఎనభైల మధ్యలో మా ఎడిటర్‌గారు కూడా సామాను సర్దుకుని వచ్చి శ్రీనగర్ కాలనీలో ఒక మేడ కింద వాటా అద్దెకు తీసుకున్నారు. ఆయనే యజమాని, ఆయనే ఎడిటర్. నేను చేరింది ఆ తర్వాత రెండు మూడేళ్లకు. మాది షేక్‌పేట. ఫిల్మ్‌నగర్ అనేది ఇంకా లేనప్పుడు ఆ గుట్టల్లో మేం సీతాఫలాలు తెంపుకునేవాళ్లం. తర్వాత బండలు పేల్చి ఇళ్లు కట్టారు. ఆ ఇళ్లలోకి కొత్తగా దిగినవాళ్లు నన్ను పట్టుకుని "మీది ఈ ఊరేనా?" అని ఆశ్చర్యంగా అడిగేవారు. ఒళ్లు మండేది. "మాదే. మీది ఏ ఊరు?" అని నేనూ అడిగేదాన్ని.

ఎడిటర్‌గారు మొదటిరోజు నా యాస విని నవ్వారు. నేను మొహం ముడుచుకున్నాను. వెంటనే సర్దుకుని, "నిన్ను చూసి కాదమ్మాయ్. నైజాం బయ్యర్లతో నేను మాట్లాడితే, నాకు వాళ్ల భాష సగమే తెలుసని మిగతా సగం అబద్ధాలు చెబుతున్నారు. ఇక నుంచి ఆ ఫోన్లు నువ్వు చూడు" అన్నారు. అలా వరంగల్ నుంచి నిజామాబాద్ దాకా థియేటర్ల మేనేజర్లందరూ నా పాలబడ్డారు. "హౌస్‌ఫుల్ మేడమ్" అని ఎవరైనా అంటే, "బాల్కనీయా, నేలా? జర నిజం చెప్పుండ్రి" అనేదాన్ని. అవతల నవ్వేవారు. నవ్వాక నిజం చెప్పేవారు.

మా పత్రికకు ఒక ఆచారం ఉండేది. కొత్త సినిమా మొదలవుతోందంటే దాని మొదటి ప్రకటన మా వెనక అట్ట మీద రంగుల్లో పడేది. ప్రెస్ నుంచి కట్టలు రాగానే మొదటి కాపీ తీసి, నాలుగు మూలలా పసుపు రాసి, సినిమా పేరు మీద కుంకుమ బొట్టు పెట్టి, ఆ నిర్మాత ఇంటికి పంపేవాళ్లం. వాళ్లు దాన్ని పూజగదిలో దేవుడి పటాల పక్కన పెట్టుకునేవారు. సినిమా విడుదలయ్యేదాకా అక్కడే ఉండేది. బొట్టు పెట్టే పని ఎడిటర్‌గారిదే. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

మద్రాసు రోజుల్లో అలా బొట్టు పెట్టిన సినిమాలు వరసగా కొన్ని ఆడాయి. దాంతో ఆయనది బంగారు చెయ్యి అన్న పేరు వచ్చేసింది. వెనక అట్ట కోసం నిర్మాతలు పోటీ పడేవారు. మా అట్ట ఖాళీ లేదని ముహూర్తాన్ని వెనక్కి జరుపుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ సినిమాలు కథ బాగుండి ఆడాయో, పండగ సెలవుల్లో పడి ఆడాయో ఎవరూ ఆలోచించలేదు. ఆయనా ఆలోచించలేదు. "మీ చెయ్యి మంచిదండీ" అని ఎవరైనా అంటే, "అబ్బే, మనదేముంది" అంటూనే ఆ చేతిని కొంచెం ముందుకు చాపేవారు. అది చూసి నాకు నవ్వొచ్చేది.

తొంభైల మొదట్లో ఆ నవ్వు పోయింది. రెండు పెద్ద సినిమాలు మా అట్ట ఎక్కి, శుక్రవారం విడుదలై, ఆ తర్వాతి శుక్రవారం రాకముందే వాటి రీళ్ల డబ్బాలు తిరిగొచ్చాయి. మూడో సినిమా షూటింగులోనే హీరో కాలు విరిగింది. మామూలుగా అయితే వీటిలో మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. పోయే సినిమాలు ఎప్పుడూ పోతూనే ఉంటాయి. కానీ మరో ట్రేడ్ పత్రికలో గాలి కబుర్లు రాసే శీర్షిక ఒకటి ఉండేది. దాన్ని రాసేవాడు అంతకు ముందు మా దగ్గరే, నా పక్క బల్ల మీదే పనిచేసి వెళ్లినవాడు. ఒక వారం అందులో ఇలా వచ్చింది: "ఒక వెనక అట్ట పేరెత్తితే నిర్మాతలు లెంపలు వేసుకుంటున్నారట. బంగారమనుకున్న చెయ్యి ఇనుమని తేలిందట. పూజగదిలోని కాపీలను కొందరు గుట్టుచప్పుడు కాకుండా హుస్సేన్ సాగర్‌లో కలిపి వచ్చారట."

పేరు లేదు. అవసరమూ లేదు. బొట్టు పెట్టి పంపేది మేమొక్కళ్లమే కదా. మధ్యాహ్నానికల్లా ఫిల్మ్‌నగర్ అంతా చెవులు కొరుక్కుంది. మా దగ్గర పేజీలు అతికించే ఆర్టిస్టు బోరబండలో ఉండేవాడు, నిదానస్తుడు. ఆ పేజీ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మేడమ్, మన అట్ట మీద మన్ను వోసిన్రు" అన్నాడు. ఎడిటర్‌గారు మాత్రం చదివి నవ్వేశారు. "బాగా రాశాడు వెధవ. వాక్యం నేర్పింది నేనే" అన్నారు.

తర్వాతి వారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒక ప్రొడక్షన్ మేనేజర్ నాతో, "అమ్మా, ఈసారికి లోపలి పేజీ చాలండీ. వెనక అట్ట తర్వాత చూద్దాం. అబ్బే, మాకలాంటి పట్టింపులేం లేవు. హీరోగారి మదర్ ఒప్పుకోవట్లేదు" అన్నాడు. ఇంకొకాయనకు పట్టింపు లేదు గాని మామగారికి ఉంది. మరొకాయనకు సిద్ధాంతి వద్దన్నాడు. డైరెక్టర్‌కు లేదు, కెమెరామన్‌కు ఉంది. ఆ పట్టింపు తనదేనని ఒప్పుకునే మనిషి ఒక్కడూ దొరకలేదు. దొరికితే నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. లేని మనిషిని ఎలా తిట్టాలో నాకు తెలియలేదు.

"ఖండన వేద్దాం సార్" అన్నాను ఒకరోజు.

"ఏమని వెయ్యాలమ్మాయ్? మా చెయ్యి ఇనుము కాదు అని వెయ్యాలా? వేస్తే తెలియనివాళ్లకి కూడా తెలుస్తుంది. వెయ్యకపోతే ఒప్పుకున్నట్టు."

"మన అట్ట ఎక్కని సినిమాలు పోతలేవా? గవన్నీ రాద్దాం."

"పోతున్నాయి. వాటికి కథ బాగాలేదంటారు" అన్నారు ఆయన.

మనిషి చేతిలో బంగారం లేదని మొదట్లోనే చెప్పి ఉంటే, ఇనుమూ లేదని చెప్పే వీలుండేది. ఇన్నేళ్లు పసుపూ కుంకుమా పెట్టి పంపినాయన ఇప్పుడు సైన్స్ మాట్లాడితే ఎవరు వింటారు? ఆ సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. అందుకే గొంతు పెంచేవారు కాదు.

నేను ఊరుకోలేక ఆ శీర్షిక రాసేవాడి దగ్గరికే వెళ్లాను. ఫిల్మ్‌నగర్‌లో ప్రివ్యూ థియేటర్ బయట చాయ్ బండి దగ్గర దొరికాడు. నన్ను చూడగానే గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. అంత మర్యాద చేస్తే తిట్టడం ఇంకా కష్టం.

"ఎందుకు రాసినవ్?" అన్నాను.

"అందరూ అనుకునేదే రాశానక్కా. నమ్మమని ఎవరికీ చెప్పలేదు."

"నువ్వు రాయకముందు ఎవరనుకున్నరు? ఒక్కని పేరు చెప్పు."

పక్కన పెట్టిన గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. చివరికి, "మా ఓనర్‌గారు చెప్పారు. ఆయనకెవరు చెప్పారో నాకు తెలీదు. ఇప్పుడు కాదని రాద్దామన్నా వెయ్యనివ్వరు. నా చేతుల్లో లేదక్కా" అన్నాడు. మాట పూర్తికాకముందే కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడి పెళ్లికి పట్టుబట్టలు పెట్టింది మా ఎడిటర్‌గారే. "సార్ ఏమన్నారు?" అని అడిగాడు. "బాగా రాసినవన్నరు" అని చెప్పి వచ్చేశాను. అది చీవాట్ల కన్నా గట్టిగా తగిలిందని వాడి ముఖం చూస్తేనే తెలిసింది. కానీ దాని వల్ల మాకు ఒరిగింది ఏమీ లేదు.

అప్పటికి ట్రేడ్ పత్రికల లోకమే అతలాకుతలంగా ఉంది. దినపత్రికలు సినిమాకు రంగుల పేజీ మొదలుపెట్టాయి. టీవీలో ట్రైలర్లు వచ్చేశాయి. ఒక వారపత్రిక మూతపడింది, ఇంకొకటి రాత్రికి రాత్రి ఒక నిర్మాత చేతిలోకి వెళ్లింది. మమ్మల్ని ఎవరో కొనేశారన్న కబురు వారానికొకటి పుట్టేది. ఒకసారి నిజామాబాద్ థియేటర్ మేనేజర్ ఫోన్ చేసి, "మేడమ్, మీ పత్రిక అమ్ముడువోయిందట గద?" అని నాకే చెప్పాడు. "గట్లనా? ఎవరికట?" అని అడిగాను. మా సంగతి మాకు తెలియకపోవడం ఆయనకేమీ వింత అనిపించలేదు. పేరు కూడా చెప్పాడు పాపం. మా వెనక అట్టకు చివరికి ఒక అగరుబత్తి కంపెనీ దొరికింది. దాని మీద కూడా, మా పత్రిక ఫోటోకు దండ వేసి అగరుబత్తి కూడా వెలిగించేశారని ఎవరో జోకేశారు. ఆ జోకు మా ఆఫీసుకు చేరడానికి అరగంట పట్టింది.

ఇక అసలు సంగతి. ఎడిటర్‌గారికి మద్రాసు రోజుల నుంచి ప్రాణస్నేహితుడైన నిర్మాత ఒకాయన ఉండేవారు. పాండీబజార్ వెనక ఒకే గదిలో ఉండి, ఒకే జత మంచి చెప్పులు వంతులేసుకుని తొడుక్కున్నవాళ్లు. ఆయన తీసిన ప్రతి సినిమా మా వెనక అట్ట మీదే మొదలైంది. కొన్ని ఆడాయి, ఎక్కువ పోయాయి. ఆయన ఎన్నడూ మా ఎడిటర్‌గారి చేతిని తప్పుపట్టలేదు. ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో కట్టుకున్న ఇల్లు తాకట్టు పెట్టి, కొత్తవాళ్లతో చిన్న సినిమా ఒకటి మొదలుపెడుతున్నారు. ఇది పోతే ఇల్లు పోతుంది. ఇది ఇండస్ట్రీలో అందరికీ తెలిసిన విషయమే.

ఆయన ఒకరోజు డిజైన్ చుట్ట చంకలో పెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. నాకు గుండె నిండిపోయింది. ఒక్క సినిమా చాలు మాకు. ఆయన ప్రకటన అట్ట మీద పడి, ఆ సినిమా ఒక మాదిరిగా ఆడినా చాలు, ఆ కూతలన్నీ ఆగిపోతాయి. ఎడిటర్‌గారి బల్ల నా బల్లకు నాలుగడుగుల దూరం. మధ్యలో తలుపు కూడా లేదు.

"వెనక అట్ట నాదేరా ఈ వారం. మొదటి కాపీ నువ్వే బొట్టు పెట్టి పంపాలి. మీ చెల్లెమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది" అన్నారాయన.

ఎడిటర్‌గారు డిజైన్ విప్పి చాలాసేపు చూశారు. రంగులు బాగున్నాయన్నారు. హీరో ఎవరి అబ్బాయని అడిగారు. తర్వాత, "ఈ వారం అట్ట ఖాళీ లేదురా. అగరుబత్తివాళ్లకు మాటిచ్చేశాను. వచ్చే వారం లోపల వేద్దాం" అన్నారు.

అగరుబత్తివాళ్లు ఒక్క ఫోన్‌తో పక్కకు జరిగేవాళ్లు. ఆ సంగతి ఆ స్నేహితుడికీ తెలుసు.

"నువ్వు కూడానా?" అన్నారాయన నెమ్మదిగా.

"నాకు నమ్మకం లేదురా. ఆ పిచ్చి నమ్మకం నాకు ఎప్పుడూ లేదు. కానీ నీ ఇల్లుంది అందులో."

పట్టుబడతారనుకున్నాను. "పోతే పోనీరా, వెయ్యి" అని కేకలేస్తారనుకున్నాను. ఆయన అలాంటి మనిషే. కానీ ఆ రోజు కాసేపు కూర్చుని, కాఫీ తాగి, డిజైన్ చుట్టుకున్నారు. వచ్చేటప్పుడు బిగదీసుకుని వచ్చిన భుజాలు వెళ్లేటప్పుడు కొంచెం దిగాయి. ఆ మనిషికి ప్రాణం తెరిపిన పడింది. అది చూశాక నాకు ఆయన మీదా కోపం రాలేదు. ఇంట్లో ఆవిడ ఎంత ఏడ్చి ఉంటుందో, తన మాట పోతుందని ఆయన ఎంత మొండిగా బయలుదేరి వచ్చి ఉంటారో అనిపించింది.

కోపం మా ఎడిటర్‌గారి మీద వచ్చింది. "మీరే గిట్లంటె ఇగ బయటోళ్లను ఏమనాలె సార్?" అన్నాను. గొంతు కూడా లేచింది.

"ఏమీ అనలేం" అన్నారాయన. "రేపు ఆ సినిమా పోయిందనుకో. నా చెయ్యి వల్ల పోలేదని నాకు తెలుసు, వాడికీ తెలుసు. అయినా వాడి గుమ్మం ఎక్కగలనా చెప్పు."

సినిమా అన్నాక ఎక్కడో ఒకచోట ప్రకటించాలి కదా. ఆ వారం ఆ డిజైన్, మా మీద కబుర్లు రాసిన అవతలి పత్రిక వెనక అట్ట మీద రంగుల్లో వచ్చింది. దాంతో అనుమానం ఉన్నవాళ్లకు కూడా తీరిపోయింది. ప్రాణస్నేహితుడే ఇవ్వలేదట అని ఒకరు, కాదు, ఇస్తానన్నా ఆయనే వద్దన్నాడట అని ఇంకొకరు. రెండో మాటే నిజం. ఆ నిజమే మాకు ఎక్కువ చేటు చేసింది.

సినిమా ఆడింది. మామూలుగా కాదు. మొదటి ఆటకు జనం లేరు, రెండో రోజుకు నేల టికెట్లకు లైన్లు కట్టారు. శనివారం నేను ఫోన్ తియ్యడం, అవతల "హౌస్‌ఫుల్ మేడమ్, ఈసారి ఒట్టు" అనడం. కరీంనగర్, ఖమ్మం, మహబూబ్‌నగర్, ఏ ఊరు పట్టినా అదే మాట. ఎడిటర్‌గారు నా వెనకే నిలబడి ప్రతి ఊరు చెప్పించుకున్నారు. నల్లగొండ చెప్పగానే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. "వాడి ఇల్లు నిలబడిందమ్మాయ్" అన్నారు. ఆ రోజు ఆయనంత సంతోషంగా ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. మొదటి పేజీ శీర్షిక ఆయనే రాశారు. ఆయన ఆ శీర్షిక రాస్తుంటే నాకు ఏడుపొచ్చింది. మా అట్ట ఎక్కకపోతే సినిమా ఎంత బాగా ఆడుతుందో మా పత్రికే ఊరూరి లెక్కతో చాటుతోంది మరి.

వంద రోజుల పండగ ఫిల్మ్‌నగర్‌లో ఒక హాల్లో చేశారు. మధ్యాహ్నం భోజనాలు కూడా అక్కడే. నటీనటులకు, బయ్యర్లకు, పత్రికలవాళ్లకు షీల్డులు. మా ఎడిటర్‌గారిని వేదిక మీదికి పిలిచి, స్నేహితుడు కౌగలించుకుని, మైకు దగ్గరికి తీసుకుని అన్నారు, "వీడు ఈ సినిమాకు చేసిన సాయం జన్మలో మర్చిపోను."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే హాలంతా నవ్వింది. ఆ నిర్మాత మనసులో ఏ కల్మషం లేదు. మద్రాసు గది గుర్తొచ్చి అన్నారో, ఇంకేం గుర్తొచ్చి అన్నారో. జనం ఎందుకు నవ్వుతున్నారో అర్థమవడానికి ఆయనకు కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఏం చెయ్యాలో తోచక ఆయనా నవ్వారు. మా ఎడిటర్‌గారు షీల్డు పుచ్చుకుని అందరికీ దణ్ణం పెట్టి దిగి వచ్చారు. నేను లేచి ఏదో ఒకటి అరవాలనుకున్నాను. ఏమని అరవాలి? కూర్చునే ఉన్నాను.

పత్రిక ఆ తర్వాత ఏడాదిలోపే అమ్మేశారు. కొన్నది అవతలి పత్రిక ఓనరే. పాత పరిచయస్తులు ఎప్పుడైనా కలిస్తే ఆ అమ్మకం సంగతే అడుగుతారు. నాకు అది అంతగా గుర్తు లేదు. నా మటుకు మా పత్రిక ఆ షీల్డుల పండగ తర్వాతి సోమవారమే మూతపడింది.

ఆ వారం అగరుబత్తివాళ్లు కూడా చల్లగా తప్పుకున్నారు. అట్ట ఖాళీగా ఉంది. ఎడిటర్‌గారికి అది మంచి అవకాశంలా తోచింది. "వంద రోజుల ఫోటో ఉంది కదా, వెనక అట్టకు అదే వేద్దాం. ఆడేసిన సినిమా ఇక ఎలా పోతుంది?" అని చాలాకాలం తర్వాత హుషారుగా అన్నారు. ఫోటో ముందేసుకుని, స్కేలు పెట్టి, ఎక్కడ కత్తిరించాలో గీతలు గీస్తున్నారు. మా ఆర్టిస్టు రంగులు ఎంచుతున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది. నేను తీశాను. ఆ స్నేహితుడే.

"అమ్మా, వాడు పక్కనే ఉన్నాడా? ఉంటే నా పేరు అనకు" అన్నారు. "ఆ ఫోటో వెనక అట్టకు పెడుతున్నారని మా మేనేజర్ అన్నాడు. నిజమేనా?"

నిజమేనన్నాను.

"లోపల ఎక్కడైనా వేయించు తల్లీ. కొత్త సినిమా గురువారం మొదలుపెడుతున్నాను. నాకేం పట్టింపు లేదు, నీకు తెలుసు. ఇంట్లో..." అని ఆగిపోయారు. "నేను వాడికి చెప్పలేనమ్మా. నువ్వే ఎలాగో చెప్పు."

ఫోన్ పెట్టేశాను. ఇంతమంది మీద నోరు పారేసుకున్న నాకు ఆ నాలుగు అడుగులు నడిచి ఒక మాట చెప్పడం చేతకాలేదు. అక్కడే నిలబడ్డాను. ఎడిటర్‌గారు తలెత్తి నన్ను చూశారు.

"వాడేనా?" అన్నారు.

"అవును సార్."

"కొత్త సినిమా ఎప్పుడట?"

"గురువారం."

"మంచి రోజే" అన్నారాయన. రబ్బరు తీసుకుని ఫోటో మీద గీసిన గీతలు తుడిపేశారు. దాన్ని ఆర్టిస్టు చేతికిచ్చి, ఐదో పేజీలో వెయ్యమని చెప్పారు.